గుడ్ ఫ్రైడేకి నాలుగో మాట నాకిచ్చారు, ఏం చెప్పాలండీ?

కాలవగట్టు అబ్బాయి (పాలకొల్లు దగ్గర పల్లెటూరు):

అందరికీ వందనాలండీ. మా సంఘంలో ప్రతి ఏడాదీ గుడ్ ఫ్రైడేకి మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన పెడతారు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలూ ఏడుగురికి పంచుతారు, ఎక్కువగా పెద్దవాళ్ళే ఉంటారు, స్త్రీల సమాజం నుంచి ఒకరు, యూత్ నుంచి ఒకరిద్దరు. ఈసారి ఏప్రిల్ 3న వచ్చింది కదా, దానికి ముందు ఆదివారం, అంటే మట్టల ఆదివారానికి ముందే అయ్యగారు పేర్లు చదివేశారు. నాకు నాలుగో మాట పడింది. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." పదిహేను నిమిషాలు మాట్లాడాలి.

ఇంకేదైనా మాట అయితే ఫోన్లో రెండు ప్రసంగాలు విని, నోట్సు రాసుకుని చెప్పేసేవాణ్ణి. ఇది అలా కుదరడం లేదు. మా నాన్నగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. కిడ్నీలు పాడై చాలాకాలం డయాలసిస్ మీద ఉన్నారు. ఆరోగ్యం బాగున్నంతకాలం సంఘంలో పాట ఎత్తింది ఆయనే, ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల కాలంలో ఇంటింటికీ తిరిగే కూడికల్లో ఆయన గొంతు లేకుండా పాట మొదలయ్యేది కాదు. అలాంటి మనిషి చివర్లో రాత్రిళ్ళు నిద్రపట్టక నన్ను లేపి "ఏరా, ఇన్నాళ్ళూ ఆయన్నే నమ్ముకున్నాను కదా, నన్నెందుకు ఇలా వదిలేశాడంటావ్" అని అడిగేవారు. ఒక్కసారి కాదు, చాలాసార్లు. భూస్థాపన రోజు అందరూ "గొప్ప విశ్వాసి, ప్రభువునందు నిద్రించాడు" అన్నారు, మేము ఏడుస్తుంటే "విశ్వాసులు ఏడవకూడదు, పునరుత్థాన ఆదివారం ఉంది కదా" అని ఆపేశారు. నాన్న అడిగిన మాట అమ్మకి కూడా చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను, పేరు కనిపించదు కాబట్టి.

అంటే నాన్న చివర్లో విశ్వాసం పోగొట్టుకున్నారా? ఈ ఆలోచన నన్ను తినేస్తోంది.

ఇంకో సంగతి. నాతో రొయ్యల ప్లాంటులో పనిచేసే ఫ్రెండ్ ఒకడు, హిందువు, చాలా మంచివాడు, మొన్న సెలవు గురించి మాట్లాడుతుంటే అడిగాడు, మూడో రోజు లేస్తాడని మీకు ముందే తెలుసు కదరా, మరి శుక్రవారం ఆ తెల్లబట్టలు, ఉపవాసం, ఏడుపు దేనికి అని. వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగాడు. నేను ఏదో చెప్పాను గానీ నాకే నచ్చలేదు. అసలు ఆ రోజుకి అర్థం ఏంటండీ? పెద్దలు ఎవరైనా చెబితే మేలు.

---

రిటైర్డ్ మాస్టారు (భీమవరం, లూథరన్ సంఘం):

బాబూ, ముందు నాన్నగారి గురించి మాట్లాడదాం, ప్రసంగం సంగతి తర్వాత.

ప్రభువు సిలువ మీద వేసిన ఆ కేక 22వ కీర్తన మొదటి వచనం. "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" చిన్నప్పటి నుంచి సమాజమందిరంలో విన్న కీర్తన అది, ఊపిరి అందని సమయంలో ఆయన నోటికి వచ్చింది అదే. కీర్తనల గ్రంథం నూట యాభైలో మూడో వంతు దాకా ఇలాంటి మొరలే ఉంటాయి, మనం ఆదివారాలు స్తుతి కీర్తనలే ఏరుకుని చదువుతాం కాబట్టి మనకి గుర్తుండదు. 88వ కీర్తన ఒకసారి తియ్యి. మిగతా మొరలు చాలావరకు చివర్లో ఏదో ఒక ఆశ వైపు తిరుగుతాయి, అది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న దగ్గర ఆగిపోతుంది. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. తరతరాలుగా దేవుని ప్రజలు దాన్ని ప్రార్థనగానే చదువుకున్నారు. మీ నాన్నగారు అర్ధరాత్రి అడిగిన మాట ఈ కీర్తనలు రాసినవాళ్ళ మాటే. దేవుడు లేడనుకున్నవాడు "ఆయన నన్నెందుకు వదిలేశాడు" అని రాత్రంతా కూర్చుని అడగడు, ఆ అవసరం అతనికి ఉండదు.

నువ్వు నాలుగో మాట మీద కూర్చున్నావు కాబట్టి ఇంకొకటి గమనించు. యొర్దానులో బాప్తిస్మం పొందినప్పుడు ఆకాశం నుంచి శబ్దం వచ్చింది. కొండ మీద రూపాంతరం చెందినప్పుడు మేఘంలోంచి వచ్చింది. యెరూషలేములో ఆయన కలవరపడి ప్రార్థించినప్పుడు కూడా వచ్చిందని యోహాను 12లో ఉంది. సిలువ దగ్గర రాలేదు. మధ్యాహ్నం నుంచి మూడింటి దాకా చీకటి కమ్మింది, ఆయన గట్టిగా అడిగాడు, పైనుంచి ఏ జవాబూ రాలేదు. కింద ఉన్నవాళ్ళు పాతకాలపు ప్రవక్త ఏలీయాను పిలుస్తున్నాడనుకున్నారు, అంటే మనుషులకి కూడా ఆయన గోడు సరిగ్గా వినబడలేదు. రాత్రి మంచం మీద పడుకుని అడిగి జవాబు రాని మనిషి ఎవరైనా సరే, ఆ జాగాలో దేవుని కుమారుడు కూడా ఉన్నాడు. గుడ్ ఫ్రైడే అర్థం నాకు అదే. మా సంఘానికి మూలపురుషుడు మార్టిన్ లూథర్ 1518లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో వాదించింది కూడా ఇదే దారిలో ఉంటుంది, దేవుణ్ణి మహిమలోనూ గెలుపులోనూ వెతికితే దొరకడు, శ్రమలో, సిలువలో దొరుకుతాడని. నేను లూథరన్‌ని కాబట్టి ఆయన్ని తేకుండా ఉండలేను, ఏమీ అనుకోకండి.

ఇక "ఏడవకూడదు" అన్నవాళ్ళ సంగతి. వాళ్ళు ప్రేమతోనే అని ఉంటారు, కానీ ఆ మాట వాక్యంలో లేదు. వాళ్ళు మనసులో పెట్టుకునేది 1 థెస్సలొనీకయులకు 4:13. అక్కడ "నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము" అని ఉంది. నిరీక్షణ ఉన్నవాళ్ళలా దుఃఖపడమని దాని భావం, దుఃఖపడొద్దని కాదు. మొదటి హతసాక్షి స్తెఫను చనిపోతే భక్తిగల మనుషులే అతన్ని సమాధిచేసి బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం మొదట్లోనే ఉంది. వాళ్ళ విశ్వాసాన్ని ఎవరూ తక్కువ చెయ్యలేదు. లూథర్ కూతురు మగ్దలేనా 1542లో పదమూడేళ్ళకే చనిపోయింది. పునరుత్థానం గురించి అన్ని ప్రసంగాలు చేసిన మనిషి, ఆ పిల్ల మంచం పక్కన మోకాళ్ళూని ఏడ్చాడు, తర్వాత కూడా ఆ దుఃఖం వదల్లేదని స్నేహితుడికి ఉత్తరం రాశాడు.

మీ ఫ్రెండ్‌కి జవాబు యోహాను 11లో ఉంది. చనిపోయిన లాజరును లేపబోతున్నానని యేసుకి తెలుసు. శిష్యులకి ముందే చెప్పాడు కూడా. లేపడానికే బయల్దేరి వచ్చాడు. వచ్చి, లాజరు సోదరి మరియ ఏడవడం చూసి, ఊళ్ళోవాళ్ళు ఏడవడం చూసి, "యేసు కన్నీళ్లు విడిచెను." కొద్దిసేపట్లో లేవబోయే మనిషి కోసం ఏడ్చాడు. ఎందుకంటే ఆ అక్కచెల్లెళ్ళ దుఃఖం ఆ క్షణాన నిజం, తర్వాత జరగబోయే మంచి దాన్ని అబద్ధం చెయ్యదు. మనం శుక్రవారం కూర్చునేది కూడా అందుకే. నాలుగో శతాబ్దం చివర్లో ఎగేరియా అనే యాత్రికురాలు యెరూషలేం వెళ్ళి, ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా జనం సిలువ దగ్గర చేరి శ్రమల భాగాలు చదువుకుంటూ ఏడ్చేవారని రాసింది. ఆదివారం సంగతి వాళ్ళకీ తెలుసు కదా, తెలిసే ఏడ్చారు.

ప్రసంగంలో "ఎందుకు" అన్న ప్రశ్నకి జవాబు చెప్పే బాధ్యత నెత్తిన వేసుకోకు. ఆ మూడు గంటల్లో తండ్రియైన దేవుడే చెప్పలేదు.

---

లంక ఊరి అక్క (కోనసీమ, కతోలిక):

తమ్ముడూ, చదువుతుంటే కళ్ళు నిండిపోయాయి. మాస్టారు వాక్యం అంతా చెప్పేశారు, నేను మా గుడిలో జరిగేది చెబుతాను, నీకు పనికొస్తుందేమో చూడు.

మాకు పవిత్ర శుక్రవారం పూజ, అంటే రొట్టె ద్రాక్షరసం అర్పించే దివ్యబలి, ఉండదు. ఏడాది మొత్తంలో ఆ రోజూ, మర్నాడు శనివారం రాత్రి జాగరణ దాకా, ఎక్కడా పూజ అర్పించరు. గురువారం రాత్రే పీఠం మీద గుడ్డలు, కొవ్వొత్తులు అన్నీ తీసేసి ఖాళీ చేస్తారు, గంటలు కూడా మోగవు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఫాదర్‌గారు ఎర్రటి వస్త్రాలతో లోపలికి వస్తారు, పాట ఉండదు, స్వాగతం ఉండదు, వచ్చి నేల మీద బోర్లా సాష్టాంగపడిపోతారు. మేమంతా మోకాళ్ళ మీద ఉంటాం. ఒక్క మాట ఉండదు. చిన్నప్పుడు నాకు భయం వేసేది, ఫాదర్‌గారికి ఏమైందో అని. ఇప్పుడు ఏడాది మొత్తంలో నాకు ఎక్కువ అర్థమయ్యే ప్రార్థన అదే. మాట్లాడటానికి ఏమీ లేనప్పుడు నేల మీద పడి ఉండటం కూడా ప్రార్థనే అని తిరుసభ, అంటే మా కతోలిక సంఘం, ఏటా మాకు చూపిస్తుంది.

తర్వాత యోహాను రాసిన శ్రమల చరిత్ర చదువుతారు, ఆ తర్వాత పది పెద్ద ప్రార్థనలు. తిరుసభ కోసం, పోపుగారి కోసం, యూదుల కోసం, క్రీస్తుని నమ్మనివాళ్ళ కోసం, అసలు దేవుణ్ణే నమ్మనివాళ్ళ కోసం, కష్టాల్లో ఉన్నవాళ్ళ కోసం. సిలువ దగ్గర నిలబడితే ఎవరినీ బయట పెట్టకూడదని నాకు దాంట్లో అర్థమైంది. ఆ తర్వాత ఒక్కొక్కరం వెళ్ళి సిలువని ముద్దుపెట్టుకుంటాం. మా ఊళ్ళో ముసలమ్మలు ఆ సిలువ కాళ్ళు పట్టుకుని, పోయిన భర్తల్నీ బిడ్డల్నీ తలుచుకుని పైకే ఏడుస్తారు. ఫాదర్‌గారు ఎవర్నీ తొందరపెట్టరు. లైను ఎంత పొడుగున్నా సరే.

మీ నాన్నగారికి ఏడవడానికి జాగా దొరకలేదేమో అనిపించింది నాకు. విశ్వాసం సంగతి నేనేం తీర్పు చెప్పను, కానీ పాట ఎత్తే మనిషిని అందరూ ఎప్పుడూ ధైర్యంగానే చూడాలనుకుంటారు. ఆ మాట ఆయన నీ దగ్గర అన్నాడంటే నీ దగ్గరే అనగలిగాడు కాబట్టి. నువ్వు పక్కన కూర్చుని విన్నావు, అది తక్కువ పనేం కాదు.

ఇంకోటి, ఆ రోజు నీళ్ళు తాగకుండా మైకు ముందు నిలబడకు, ఏప్రిల్ ఎండ. మాకు ఉపవాసం అంటే ఒక పూట పూర్తి భోజనం, మాంసం మానడం, అదీ పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ళవాళ్ళకి. జబ్బుతో ఉన్నవాళ్ళకి మినహాయింపు. మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ఎక్కడా లేదు.

---

నరసాపురం బ్రదర్:

ప్రియ సహోదరునికి వందనములు. కొంచెం వేరే మాట చెబుతాను, నొప్పించాలని కాదు.

మా బ్రదరెన్ సహవాసంలో గుడ్ ఫ్రైడేని ప్రత్యేక దినంగా పాటించం. 1836లో మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ గారి వెంట ఇండియాకి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు ఈ డెల్టాలో పని మొదలుపెట్టినప్పటి నుంచీ మాది ఈ పద్ధతే, ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాం. "ప్రభువు వచ్చువరకు ఆయన మరణమును ప్రచురించుదురు" అని 1 కొరింథీయులకు 11లో ఉంది కదా, మాకు ప్రతి వారం శుక్రవారమూ ఉంది, ఆదివారమూ ఉంది. పాటించేవాళ్ళని నేను తప్పుపట్టను. రోమా 14 ప్రకారం ఎవరి మనసులో వారు రూఢిపరచుకోవాలి.

నాకు బరువుగా అనిపించింది వేరే. పైవాళ్ళు చెప్పింది చదివితే నాలుగో మాట అంటే మన బాధలో ప్రభువు తోడున్నాడు అన్నంత వరకే వస్తోంది. అది నిజమే కానీ అక్కడ ఆగితే సిలువ సగమే మిగులుతుంది. ఆయన ఆ కేక వేసింది మన అందరి దోషం ఆయన మీద మోపబడింది కాబట్టి. యెషయా 53 అదే చెబుతుంది, 2 కొరింథీయులకు 5:21 అదే చెబుతుంది, పాపమెరుగని ఆయన మన కోసం పాపంగా చెయ్యబడ్డాడు. మీ నాన్నగారి ప్రశ్న, ప్రభువు ప్రశ్న ఒకలాగే వినిపిస్తాయి గానీ ఒకటి కావు. ప్రభువు నిజంగా విడువబడ్డాడు. మీ నాన్నగారికి విడువబడినట్టు అనిపించింది. ఆయన మన బదులు విడువబడ్డాడు కాబట్టే మీ నాన్నగారు ఆ మంచం మీద ఒక్క రాత్రి కూడా విడువబడలేదు. తమ్ముడూ, నీ నిబ్బరం ఇక్కడ ఉంది. నాన్నగారి విశ్వాసం చివర్లో ఎంత గట్టిగా ఉంది అన్నదాని మీద కాదు, ప్రభువు చేసి ముగించిన దాని మీద. ఆరో మాట "సమాప్తమైనది" అని ఆయనే అన్నాడు. రోగంతో ఒళ్ళు సహకరించని మనిషి నోట్లోంచి వచ్చిన మాటలని బట్టి రక్షణ లెక్క తేలేటట్టయితే మనలో ఎవరం మిగలం.

---

రిటైర్డ్ మాస్టారు (భీమవరం):

బ్రదర్ గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను, ముఖ్యంగా చివరి మాట. నేను రాసినదాంట్లో అది పైకి రాలేదు, మీరు తేవడం మంచిదైంది. ఒక్క దగ్గర మాత్రం నేను ఆగుతాను. 22వ కీర్తన 24వ వచనంలో, బాధపడేవాడి బాధని ఆయన తృణీకరించలేదు, అతనికి తన ముఖం దాచలేదు, మొరపెడితే ఆలకించాడు అని ఉంది. అందుకని తండ్రి కుమారుణ్ణి ఏ విధంగా విడిచాడు అన్నది, పూర్తిగా కొలిచి చెప్పేంత ధైర్యం నాకు లేదు. విడిచాడు అని కేక చెబుతోంది, ముఖం దాచలేదని అదే కీర్తన చెబుతోంది. రెండూ పట్టుకోవాలి. కుర్రాడు ప్రసంగంలో ఈ రెండు వచనాలూ చదివితే చాలు, మనలా వాదించనక్కర్లేదు.

---

కువైట్‌లో కోనసీమ:

నాకు వాక్యం ఇంత వివరంగా తెలియదు అన్నయ్యా, ఇంట్లో పని చేసుకునేదాన్ని. ఇక్కడ వారం సెలవు శుక్రవారమే కాబట్టి మాకు చర్చి శుక్రవారమే జరుగుతుంది, అందుకని గుడ్ ఫ్రైడేకి అడక్కుండానే వెళ్ళడం కుదురుతుంది. అక్కడ పన్నెండైతే ఇక్కడ తొమ్మిదిన్నర, ముందు ఫోన్లో మా ఊరి సంఘం ఏడు మాటలు లైవ్ చూసి, తర్వాత ఇక్కడ తెలుగు కూడికకి వెళ్తాను.

మా అమ్మ పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. రావడానికి పంపలేదు. భూస్థాపన వీడియో కాల్‌లో చూశాను, సిగ్నల్ ఆగి ఆగి వచ్చింది. నాలుగో మాట వచ్చినప్పుడు నేను ప్రతిసారీ ఫోన్ పక్కన పెట్టి ఏడుస్తాను. నరసాపురం అన్నయ్య చెప్పినట్టు విడవబడలేదు, అనిపించింది అంతే అని నాకు తెలుసు, కానీ అనిపించినప్పుడు ఎలా ఉంటుందో తెలిసిన ప్రభువు నాకు కావాలి. రెండూ కావాలి నాకు.

నాకు తట్టింది ఒకటే, చెప్పాలనిపించింది. నాలుగో మాటకి ముందు మూడో మాట ఉంది. "అమ్మా, యిదిగో నీ కుమారుడు." అంత బాధలో ఉండి కూడా తల్లిని ఒకరికి అప్పగించి, ఆ తర్వాతే ఆ కేక వేశాడు. మీ అమ్మగారికి తెలియని మాట మైకులో మొదటిసారి వినిపించకూడదు. సంఘం ముందు చెప్పినా చెప్పకపోయినా, ముందు ఆవిడ దగ్గర కూర్చోండి. మీరు ఒక్కరే ఇన్నాళ్ళూ మోశారు, ఆవిడ కూడా ఏదో ఒకటి ఒక్కతే మోస్తూ ఉండి ఉంటుంది.

---

రావులపాలెం అరటితోట:

నేను హిందువునండీ, ఫ్రెండ్ ప్రశ్న చూసి ఆగాను. మా నాన్నగారు పోయినప్పుడు నాకు నెలనెలా మాసికం, ఏడాది తిరిగేసరికి సంవత్సరీకం, ఆ తర్వాత ఏటా తద్దినం ఉన్నాయి. మొదట్లో ఇదంతా ఎందుకు అనుకున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరూ నన్ను "ఇంకా ఏంటి బాధ" అని అడగలేదు, అడిగే వీల్లేదు. ఏడవడానికి ఊరంతా ఒప్పుకున్న రోజులు అవి. మీవాళ్ళు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర సున్నం వేసి, పువ్వులు పెట్టి కొవ్వొత్తులు వెలిగించడం చూశాను, కాలవ అవతల నుంచి చూస్తే ఎంతో బావుంటుంది. మూడు గంటలు కూర్చుని వినే ఈ శుక్రవారం కూడా మీకు అలాంటి రోజేమో అని ఇప్పుడు ఈ చర్చ చదివాక అనిపించింది. బయటివాళ్ళు వచ్చి వెనక కూర్చోవచ్చా?

---

లంక ఊరి అక్క:

రండి బాబూ, తప్పకుండా రండి. ఏ చర్చిలోనైనా వద్దనరు. చెప్పులు బయట విడిచి, మగవాళ్ళవైపు కూర్చోవడమే. మధ్యలో లేచి వెళ్ళినా ఎవరూ ఏమీ అనుకోరు.

---

కాలవగట్టు అబ్బాయి:

అందరికీ వందనాలండీ, రెండుమూడు రోజులు రాయలేకపోయాను. దాళ్వా వరి కోతలు మొదలయ్యాయి, కోత మిషన్ దొరికినప్పుడే కోయించుకోవాలి, వర్షం భయం ఒకటి.

అమ్మకి చెప్పాను. కువైట్ సిస్టర్ మాట చదివాక ఇక ఆపుకోలేకపోయాను. అమ్మ ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆవిడ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే "మరి అడగడా? అడగాల్సింది ఆయన్నే కదా" అంది. నాన్న ఆవిణ్ణి కూడా అడిగేవారట, ఆవిడ జవాబు చెప్పకుండా పక్కన కూర్చుని ఆయన పాటే ఒకటి మెల్లిగా పాడేదట, ఆయన కూడా పెదాలు కదిపేవారట. ఇది నాకు తెలియదు.

అయితే మైకులో నాన్న పేరు పెట్టి చెప్పొద్దంది. ఆ మాట ఇంట్లో మనిషితో అన్నది, ఊరికి చెప్పమని అనలేదు కదా అంది. ఆలోచిస్తే నాకూ అదే సబబు అనిపించింది. కాబట్టి నాన్న సంగతి చెప్పను. నాన్న సంగతి తెలిసినవాడిలా మాత్రం మాట్లాడతాను. మా సంఘంలో ఇంకా డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు ఉన్నారు, ఈమధ్యే బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళు కూడా ఆ బెంచీల మీదే ఉంటారు. పైనుంచి శబ్దం రాలేదన్న మాట మాస్టారు చెప్పింది వాళ్ళ కోసం చెబుతాను. నరసాపురం బ్రదర్ చెప్పింది, ఆయన మన బదులు విడువబడ్డాడన్నది, గట్టిగా చెబుతాను, ఎందుకంటే అది చదివిన రాత్రే నాకు చాన్నాళ్ళకి నిద్రపట్టింది. 1 థెస్సలొనీకయులకు 4:13 పూర్తిగా చదివి వినిపిస్తాను, ఎవరినీ వేలెత్తి చూపకుండా.

ప్లాంటులో మా ఫ్రెండ్‌కి లాజరు సంగతి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, అయితే మీ దేవుడికి కూడా తొందర లేదన్నమాట అన్నాడు. ఆ రోజు వస్తానన్నాడు.

ఒక్క డౌటు మాస్టారూ. 22వ కీర్తన మొత్తం చదవాలా, కొంత చదివితే చాలా? పదిహేను నిమిషాల్లో టైం సరిపోతుందా అని టెన్షన్‌గా ఉంది.

---

రిటైర్డ్ మాస్టారు (భీమవరం):

మొత్తం చదువు బాబూ. ముప్ఫై ఒక్క వచనాలే, నిదానంగా చదివినా ఐదారు నిమిషాలు మించదు. నువ్వు చదవడం కన్నా మీ అమ్మగారిని చదవమని అడుగు, ఆవిడకి ఇష్టమైతేనే. స్త్రీల సమాజం వాళ్ళతో ముందే ఒక మాట చెప్పి ఉంచు, ఆవిడ మధ్యలో ఆగితే పక్కనున్నవాళ్ళు అందుకుంటారు. చదవడం అయ్యాక వెంటనే మొదలుపెట్టకు, కొంచెంసేపు ఊరుకో. మైకు దగ్గర ఉండే కుర్రాడికి చెప్పు, మైకు పోయిందేమో అనుకుని పాట పెట్టేస్తాడు. నువ్వు చెప్పేది ఎనిమిది నిమిషాల్లో అయిపోతే అక్కడితో కూర్చో, మిగతా టైం నింపాలని చూడకు. ఐదో మాట చెప్పేవాళ్ళకి ఇచ్చెయ్.